చల్లగాలిలోనూ కాల్చే ఎండ: మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన కుటుంబాలకు

సంక్రాంతి అయ్యాక మెల్‌బోర్న్‌లో దిగేవారికి ఇక్కడ నడివేసవి. జనవరి నెలాఖరుకల్లా స్కూళ్లు తెరుస్తారు. మన ఊళ్లో ఎండ ముదిరితే మాడు కాలి, చెమటలు పట్టి మనమే నీడకు చేరతాం. ఇక్కడ 22 డిగ్రీల చల్లగాలిలో, పలచటి మబ్బు కింద కూడా చర్మం కమిలిపోతుంది. కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు.

కాబట్టి రోజూ చూసుకోవాల్సింది ఆ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక. అది 3కి చేరిందంటే టోపీ, సన్‌స్క్రీన్, నిండు చేతుల చొక్కా, చలువ కళ్లద్దాలు, నీడ అన్నీ కావాలి. జనవరి మధ్యాహ్నాల్లో ఇక్కడ 10 దాటడం మామూలే. ఏ రోజు ఏ వేళల్లో జాగ్రత్త పడాలో సన్‌స్మార్ట్ యాప్ చెబుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు గనక సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటాకే. నాలుగింటికి పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లినా సూచిక ఇంకా 3 పైనే ఉంటుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 50+, బ్రాడ్ స్పెక్ట్రమ్, వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నది కొనండి. ఎక్కువమంది పొరపాటు చేసేది కొనడంలో కాదు, పూయడంలో. స్నోలా బొట్లు పెట్టి రుద్దితే డబ్బా మీది సంఖ్యకు అర్థం లేదు. పెద్దవాళ్లకు ఒళ్లంతా పూయడానికి ఏడు టీస్పూన్లు, అంటే 35 మి.లీ. కావాలి: ఒక్కో చేతికి, ఒక్కో కాలికి ఒక్కొక్కటి, ముందువైపు ఒకటి, వీపుకు ఒకటి, ముఖం, మెడ, చెవులకు కలిపి ఒకటి. బయల్దేరడానికి 20 నిమిషాల ముందు పూసి, రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. ఈత కొట్టి ఒళ్లు తుడుచుకున్నా మళ్లీ పూయాల్సిందే. కారులో వదిలేస్తే వేడికి పాడవుతుంది. 30 డిగ్రీల లోపు ఉంచాలి. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం సన్‌స్క్రీన్ మీద ఆధారపడకండి, నీడలోనే ఉంచండి.

ప్రైమరీ స్కూళ్లలో చాలావాటికి ‘నో హ్యాట్, నో ప్లే’ నియమం ఉంటుంది. టోపీ లేని పిల్లలు నీడలో కూర్చోవాల్సిందే. స్కూలు టోపీని యూనిఫాం షాపులో ముందే కొనిపెట్టుకోండి. క్రికెట్ క్యాప్ చెవుల్నీ మెడనీ కప్పదు.

టీనేజర్లతోనే అసలు చిక్కు. హైస్కూల్లో టోపీ గురించి అంత పట్టించుకోరు, పైగా చామనఛాయ మీద సన్‌స్క్రీన్ బూడిదలా తెల్లగా తేలితే ఇంకోసారి ముట్టుకోరు. జింక్ తక్కువున్న జెల్ రకమో, రంగు కలిపినదో వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఆరుబయట పార్ట్‌టైమ్ పనిలో చేరితే ఎండ నుంచి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

‘మన రంగుకు ఏమీ కాదులే’ అన్న మాట సగమే నిజం. ముదురు రంగు చర్మానికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువే గానీ, వచ్చినప్పుడు ఆలస్యంగా బయటపడుతుంది. అరికాళ్లలో, గోళ్ల కింద కొత్త మచ్చ కనిపిస్తే జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు, చూపించండి. మన చర్మంలో విటమిన్ డి తయారవడానికి ఎక్కువ ఎండ కావాలన్నదీ నిజమే. మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మెల్‌బోర్న్‌లో సూచిక సాధారణంగా 3 లోపే ఉంటుంది, అప్పుడు సన్‌స్క్రీన్ మానేసి మధ్యాహ్నం కాసేపు బయట తిరగండి. బ్రిస్బేన్‌కో డార్విన్‌కో మారితే ఈ లెక్క చెల్లదు, అక్కడ చలికాలంలోనూ 3 దాటుతుంది.