టీనేజ్ పిల్లల పాకెట్ మనీ కూల్‌డ్రింకులకే పోతుంటే ఏం చేయాలి

పాకెట్ మనీ అంతా కూల్‌డ్రింకులకీ, చిప్స్‌కీ, ఎనర్జీ డ్రింకులకీ పోతోందని తెలియగానే చాలామంది తల్లిదండ్రులు డబ్బులివ్వడం ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. స్నేహితుల దగ్గర అప్పు చేసైనా కొంటారు, కాకపోతే మీకు చెప్పడం మానేస్తారు.

డబ్బు ఎటు పోతోందో ముందు వాళ్లకి కనబడాలి. ఫోన్‌తో కడితే ఖర్చయినట్టే అనిపించదు కాబట్టి, పోయిన నెల పేమెంట్లన్నీ తీసి ఇలాంటివాటికి ఎంతయిందో వాళ్ల చేతే కూడించండి. ఆ మొత్తం చూశాక మాత్రం మీరేమీ అనొద్దు, నిజంగానే అనొద్దు, అప్పుడు క్లాసు పీకారంటే ఆ ఖర్చు సంగతి పక్కకు పోయి కోపమంతా మీ మీదకి మళ్లుతుంది.

ఇకనుంచి డబ్బు వారానికోసారి ఇవ్వండి. వాళ్లు కొనుక్కోవాలనుకుంటున్న పెద్ద వస్తువు కోసం కొంత చేతికందిన రోజే పక్కన పెట్టించండి, వారం చివర్లో మిగిలింది దాచుకోమంటే ఏమీ మిగలదు. మిగతాది వాళ్లిష్టం.

క్లాసులయ్యాక ఆకలి మీద ఉన్నప్పుడు చేతికి ఏది దొరికితే అది కొనేస్తారు. బ్యాగులో తినడానికి ఏదైనా ఉంటే సగం గొడవ వదులుతుంది.

ఎనర్జీ డ్రింకు విషయంలో ఉపన్యాసం కంటే డబ్బా మీది లేబుల్ మేలు. అంకెలు 100 మి.లీ.కి ఇస్తారు, డబ్బా చూస్తే 500 మి.లీ. ఉండొచ్చు. కెఫీన్ 32 మి.గ్రా., చక్కెర 11 గ్రాములు అని ఉందంటే డబ్బా మొత్తానికి 160 మి.గ్రా., 55 గ్రాములు. టీనేజర్లకు రోజుకి కేజీ బరువుకు 3 మి.గ్రా. కెఫీన్ దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన లెక్క, అంటే 50 కేజీల పిల్లకి 150. చక్కెరేమో రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి 50 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక్క డబ్బాతో రెండూ దాటిపోయాయి! ఈ గుణకారం వాళ్లనే చేయనివ్వండి. సాయంత్రం తాగిన కెఫీన్‌లో దాదాపు సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుందని, రాత్రి నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణమని కూడా చెప్పండి.

సిగరెట్లకో వేప్‌లకో (ఈ-సిగరెట్లకో) డబ్బు పోతోందంటే మాత్రం ఈ పద్ధతులు చాలవు, ఎందుకంటే నికోటిన్ పట్టుకుంటే బడ్జెట్ వేసినంత మాత్రాన వదలదు. "ఎంత తగలేశావ్" అని కాకుండా "ఎప్పుడెప్పుడు కావాలనిపిస్తోంది" అని నెమ్మదిగా అడగండి. పొద్దున లేవగానే కావాలనిపిస్తోందంటే అలవాటు బాగా ముదిరినట్టే, తిట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.