స్పోర్ట్స్ బైక్ లాగట్లేదా? ట్యూనింగ్‌కి ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

పికప్ తగ్గింది అనగానే రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోల్, ఇగ్నిషన్ లెక్కలు మార్చడం) చేయించేద్దాం అనుకోకండి. నేను అదే చేశాను. సిటీలో ఒక వర్క్‌షాప్‌లో డబ్బులు కట్టి మ్యాప్ మార్పించుకున్నాను, బండిలో తేడా ఏమీ రాలేదు. నెల తర్వాత కోఠి వైపు ఒక పాత మెకానిక్ ఒక్క రౌండు తిప్పి, "క్లచ్ ప్లేట్లు అయిపోయాయి తమ్ముడూ" అన్నాడు. అందుకే ముందు బండిని బాగు చేయించండి, ట్యూనింగ్ ఆ తర్వాతే.

ఆర్‌పీఎం పెరుగుతోంది, స్పీడు పెరగట్లేదు

ఇది క్లచ్ జారడం. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా థ్రాటిల్ తెరవండి. ముల్లు ఎగిరి బండి వెనకబడితే అదే జబ్బు. ముందు క్లచ్ లివర్ దగ్గర ఫ్రీ ప్లే (కాస్త వదులు) ఉందో లేదో చూడండి. తర్వాత ఆయిల్: కారుకి వాడేది పోస్తే క్లచ్ జారే అవకాశం ఉంది, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైక్ క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉండాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఇక ప్లేట్లు, స్ప్రింగులు మార్చాల్సిందే.

థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పటపట, అమీర్‌పేట ట్రాఫిక్‌లో జెర్కులు

ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాక గాలి ఎక్కువ వెళ్తుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కనే వస్తుంది, అంటే మిశ్రమం లీన్ అవుతుంది. కానీ అంతకంటే ముందు సైలెన్సర్ బిగించిన చోట గ్యాస్కెట్ లీక్ ఉందేమో చూడండి. ఆ సందులోంచి వచ్చే గాలి ఆక్సిజన్ సెన్సార్‌ని మోసం చేస్తుంది, అది చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అవసరం లేకపోయినా పెట్రోల్ పెంచేస్తుంది.

లీక్ లేకపోతేనే మ్యాప్ సంగతి. మామూలుగా నడిపేటప్పుడు ఈసీయూ ఆ సెన్సార్‌ని చూసి మిశ్రమాన్ని సరిచేసుకుంటుంది (ఇథనాల్ కలవని పెట్రోల్‌కి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి, 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి దాదాపు 13.5). పూర్తి థ్రాటిల్‌లో మాత్రం చాలా బండ్లలో సెన్సార్‌ని పట్టించుకోకుండా కంపెనీ రాసిన అంకెలనే నమ్ముతుంది. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద, గాలి-పెట్రోల్ పాళ్లని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి సరిచేయాల్సింది ముఖ్యంగా ఆ భాగాన్నే. డైనో లేకుండా "మ్యాప్ వేసేస్తా" అనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి.

ఎండలో, వెనక మనిషితో, టాప్ గేరులో లాగుతుంటే టిక్ టిక్

ఇది నాక్, అంటే సిలిండర్‌లో మిశ్రమం కొంత తనంతట తానే పేలడం. వెంటనే థ్రాటిల్ తగ్గించి గేరు దించండి, పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ పోతుంది. రీమ్యాప్ తర్వాత మొదలైతే ఇగ్నిషన్ టైమింగ్ మరీ ముందుకు జరిపారని అనుమానించాలి. ట్యూనర్ దగ్గరికి తిరిగి వెళ్లి టైమింగ్ తగ్గించమని గట్టిగా అడగండి. మే నెల ఎండలో బాగా నడిచే మ్యాపే మనకి కావాలి. ఎక్కువ ఆక్టేన్ (నాక్‌ని తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ పోస్తే నాక్ తగ్గవచ్చు, కానీ కంపెనీ మ్యాప్‌తో బాగానే నడిచే చాలా బండ్లకి దానివల్ల చెప్పుకోదగ్గ పవర్ ఏమీ పెరగదు.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వదు, ఐడిల్ నిలవదు

టాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు), ప్లగ్, మురికి పట్టిన థ్రాటిల్ బాడీ చూపించండి. ఇది సర్వీసు పని.

డైనో షీటులో పవర్ తక్కువ చూపించింది

కంగారు పడకండి. కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరి లెక్క, డైనో కొలిచేది చక్రం దగ్గర, మధ్యలో పది పదిహేను శాతం పోతుంది. 43 హార్స్‌పవర్ బండి 37, 38 చూపిస్తే అది ఆరోగ్యంగానే ఉన్నట్టు. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన, కాబట్టి కరెక్షన్ (గాలి ఒత్తిడి, వేడిని బట్టి అంకెల్ని సరిచేసే లెక్క) వేయని మన షీటుని చెన్నైలో తీసిన షీటుతో పోల్చొద్దు. ట్యూనింగ్‌కి ముందు, తర్వాత, అదే రోజు, అదే డైనో మీద, అదే గేరులో తీసిన రెండు షీట్లు అడగండి. గాలి-పెట్రోల్ గ్రాఫ్ కూడా అందులో ఉండాలి.

టాప్ స్పీడు చూద్దామని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కకండి, అక్కడ టూవీలర్లకి అనుమతి లేదు, ప్రాణానికీ మంచిది కాదు. ఒరిజినల్ మ్యాప్ ఫైల్ కాపీ తప్పకుండా తీసుకోండి. ఈసీయూని ఫ్లాష్ చేయిస్తే (అందులో కొత్త మ్యాప్ ఎక్కిస్తే) ఆ సంగతి సర్వీస్ సెంటర్‌లో ముందే చెప్పండి, వాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ మ్యాప్ చెరిగిపోవచ్చు.