పాత ప్యాటర్న్, మన నేత బట్ట: రాప్ డ్రెస్ కుదరకపోతే

1952లో అమెరికాలోని బట్టరిక్ కంపెనీ ‘వాక్ అవే’ డ్రెస్ ప్యాటర్న్ (బట్ట కత్తిరించడానికి వాడే కాగితం నమూనా) తెచ్చింది. పొద్దున టిఫిన్ చేసి కుట్టడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి అదే వేసుకుని వెళ్లొచ్చని ఆ పేరు. అలా చుట్టి కట్టుకునే రాప్ డ్రెస్సులూ, రెండు పొడవాటి పట్టీలను రకరకాలుగా ముడేసుకునేవీ మళ్లీ వచ్చాయి. నల్లగొండలో నా మిషన్ దగ్గరికి ఫోన్‌లో ఫొటోలు పట్టుకొస్తున్నారు, కుట్టించాక కుదరలేదనీ తెస్తున్నారు. కుట్లు విప్పేముందు బట్టను చూడండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

పట్టీలు భుజం మీద నిలవవు, ఛాతీ దగ్గర జారుతుంది

పట్టీల డ్రెస్ సాగే బట్టకోసం గీసింది. పోచంపల్లి ఇక్కత్ అయినా నారాయణపేట కాటన్ అయినా పడుగూ పేకా బిగించి నేసింది, సాగదు. దుకాణంలోనే నాలుగు అంగుళాలు పట్టుకుని లాగండి. ఆరు దాకా సాగి, వదలగానే వెనక్కి రావాలి. ఒక్కో పట్టీ మనిషి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూదితో సన్నని జిగ్‌జాగ్ వేయండి, మామూలు కుట్టు లాగితే తెగుతుంది. నేత బట్టే కావాలంటే పట్టీలది వదిలేసి చుట్టే డ్రెస్ ఎంచుకోండి.

“అక్కా, కూసుంటే తెర్సుకుంటుంది”

ఎక్కువగా వినే మాట ఇదే. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ పేరు తెచ్చిన రాప్ డ్రెస్ జెర్సీ అనే సాగే అల్లిక బట్టది, ఒంటికి అంటుకుని ఉంటుంది. కాటన్ అలా అంటుకోదు, కాబట్టి ఒకదానిమీద ఒకటి పడే భాగం ఎక్కువ కావాలి. కత్తిరించకముందే కాగితంమీద అయిదు అంగుళాలు పెంచండి. కుట్టేసి ఉంటే లోపల ఒక నాడా, నడుము కింద రెండు టిచ్ బటన్లు పెట్టండి.

మెడ ముందుకు వదులుగా వస్తుంది

వాలుగా కోసిన మెడ కత్తెర పడిన క్షణం నుంచే సాగుతుంది. మిషన్ కింద చేత్తో లాగితే ఇంకా పాడవుతుంది. నేను చేసే పని చెబుతాను. బట్ట అంచు నుంచి అర అంగుళం పట్టీ తీస్తాను. అంచు పోగులు గట్టివి, సాగవు. దాన్ని మెడ కొలత కన్నా అర అంగుళం తక్కువ కోసి, ఉల్టా వైపు చేత్తో టాకా వేస్తాను. మెడ బట్టను కొంచెం కొంచెంగా దానికి సర్దుకుంటూ పోతే, ఇస్త్రీ పెట్టేసరికి ఆ ఎక్కువ అంతా కలిసిపోతుంది. ఆ తర్వాతే పైపింగ్.

కొలత తేడా

1950ల మొదట్లో సైజ్ 14 అంటే ఛాతీ 32 అంగుళాలు, ఇప్పటి ప్యాటర్న్‌లో 36. సైజ్ నంబర్ కాదు, అంగుళాలే చూడండి. అమెరికా ప్యాటర్న్‌లో కుట్టుకోసం అంగుళంలో అయిదు ఎనిమిదో వంతుల మార్జిన్ మామూలుగా కలిసే ఉంటుంది. మన అలవాటు ప్రకారం మళ్లీ అంతే వదిలితే రెండు పక్కల కుట్లలోనే రెండున్నర అంగుళాలు వదులవుతుంది.

ఘేరా కింద ఎగుడుదిగుడు

క్రాస్‌లో, అంటే పోగుకు వాలుగా, పడ్డచోట బట్ట దిగుతుంది. ఒక రాత్రంతా వేలాడదీసి, మనిషికి తొడిగి, నేలనుంచి స్కేలుతో గుర్తు పెట్టి అప్పుడు మడవండి. చీర అంచును గుండ్రటి ఘేరాకు వేయాలని చూడకండి, వంపు తిరగదు. నడుము నాడాలకు వాడండి. తిన్నని పోగు కాబట్టి ముడి గట్టిగా నిలుస్తుంది, అంచు అందమూ కళ్లకు కనబడుతుంది.