జేన్ ఐర్ నవలను షార్లెట్ బ్రాంటీ జీవితంతో కలిపి ఎలా చదవాలి?

ఇంగ్లిష్ లిటరేచర్ విద్యార్థులు చాలామంది జవాబు మొదటి పేజీని రచయిత్రి పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లతో నింపేసి, రెండో పేజీలో కథ మొదలుపెడతారు. ఆ రెండూ ఎక్కడా కలవవు. కలిసే చోటు పట్టుకోవడం నిజానికి కష్టమేం కాదు, వరస తెలిస్తే చాలు.

ముందు నవల చదవండి. ముందుమాట, గైడు, వికీపీడియా ఏవీ వద్దు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదువుతుంటే "ఇదేంటి, ఇలా ఎందుకు చేసింది?" అనిపించిన ప్రతిచోటా ప్రశ్న రాసుకోండి. జేన్ గవర్నెస్ (ధనవంతుల ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ) పనికే ఎందుకు వెళ్లింది? జేన్ యజమాని రోచెస్టర్ మతిస్థిమితం లేని తన భార్యకు విడాకులు ఎందుకు ఇవ్వలేదు? రచయిత్రి జీవితంలో, కాలంలో మీరు వెతకాల్సింది వీటికి జవాబులే.

తర్వాత ఒక్క పేజీలో తేదీలు. 1816లో యార్క్‌షైర్‌లోని థార్న్‌టన్‌లో పుట్టుక, 1821లో తల్లి మరణం, 1824లో కోవన్ బ్రిడ్జ్ బడి, 1839లో, 1841లో గవర్నెస్ ఉద్యోగాలు, 1842లో బ్రసెల్స్, 1847 అక్టోబరులో కరర్ బెల్ అనే మారుపేరుతో నవల. అంతకు మించి అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. జీవితం, నవల ఎక్కడ ఒకేలా ఉన్నాయో అందరూ రాస్తారు, మీరు ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. నవలలోని లోవుడ్ బడికి మూలం కోవన్ బ్రిడ్జ్, అక్కడ జేన్ స్నేహితురాలైన హెలెన్ బర్న్స్‌కు మూలం షార్లెట్ పెద్దక్క మరియా. ఆ బడిలో జబ్బుపడ్డ మరియాను ఇంటికి పంపేశారు, 1825 మేలో ఆమె ఇంట్లో చనిపోయింది, అప్పటికి షార్లెట్ ఇంకా బడిలోనే ఉంది, అంటే అక్క చివరి ఘడియల్లో పక్కన లేదు. నవలలో మాత్రం హెలెన్ బడిలోనే చనిపోతుంది, అదీ రాత్రివేళ దొంగచాటుగా వచ్చి పక్కలో పడుకున్న జేన్ చేతుల్లో. ఇలా ఎందుకు మార్చింది? ఆ చావును బడి గోడల మధ్యే ఉంచి నిర్వాహకుల్ని నిలదీయడానికా, తనకు దక్కని వీడ్కోలును జేన్‌కు ఇవ్వడానికా? నాకైతే రెండూ అనిపిస్తాయి. ఈ ఒక్క తేడా మీద రెండు పేజీలు రాయొచ్చు.

డబ్బు, చట్టం కూడా చూడండి. 1841లో షార్లెట్ జీతం ఏడాదికి 20 పౌండ్లు, బట్టలు ఉతికించినందుకు అందులో 4 పౌండ్లు కోత. నవలలో రోచెస్టర్ ఇల్లు థార్న్‌ఫీల్డ్‌లో జేన్‌కు మాత్రం 30 ఇచ్చింది! ఇక విడాకుల సంగతి: 1857 వరకు ఇంగ్లండ్‌లో మళ్లీ పెళ్లి చేసుకోగలిగేలా విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి, భార్య మతిస్థిమితం కోల్పోవడం విడాకులకు కారణంగా చట్టంలోకి వచ్చింది 1937లో. రోచెస్టర్‌ను వెనకేసుకు రావాల్సిన పని లేదు గానీ, అతనికి దారి ఎందుకు మూసుకుపోయిందో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

మనకు దగ్గరి విషయం ఇంకోటి ఉంది. నవలలో జేన్‌కు బంధువైన మతాచార్యుడు సెయింట్ జాన్ రివర్స్ మిషనరీగా ఇండియాకు బయల్దేరుతూ జేన్‌కు హిందుస్తానీ నేర్పిస్తాడు. 1813 చార్టర్ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు మిషనరీలు రావడానికి దారి తెరిచింది, లండన్ మిషనరీ సొసైటీ వాళ్లయితే అంతకుముందే, 1805లోనే విశాఖపట్నం చేరి బైబిల్‌ను తెలుగులోకి అనువదించే పని పెట్టుకున్నారు. ఆ అధ్యాయాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏ పుస్తకాన్ని నమ్మాలి? ఎలిజబెత్ గాస్కెల్ 1857లో రాసిన జీవితచరిత్ర చదవండి, కానీ ఆమె షార్లెట్ స్నేహితురాలు. బ్రసెల్స్ గురువు హెగర్‌కు షార్లెట్ రాసిన ఆవేదన నిండిన ఉత్తరాలు తెలిసి కూడా ఆ సంగతి దాటేసింది, అవి పూర్తిగా అచ్చయింది 1913లో. అందుకే ఉత్తరాల సంపుటి కూడా పక్కన ఉండాలి.

జీవితాన్ని నవలలోకి బలవంతంగా లాగకండి. రెండో ముద్రణను షార్లెట్ నవలా రచయిత థాకరేకు అంకితమిచ్చింది. రోచెస్టర్ భార్యలాగే ఆయన భార్య కూడా మానసిక వ్యాధితో బాధపడుతోందని ఆమెకు తెలియదు. దాంతో కరర్ బెల్ ఆయనింట్లో పనిచేసిన గవర్నెస్సేనని లండన్‌లో పుకారు లేచింది. పోలిక కనిపించగానే ఆగి, తేదీ, ఉత్తరం, సాక్ష్యం ఉన్నాయో లేవో చూసుకోండి.

రాసేటప్పుడు ప్రతి పేరానూ నవలలోని సంఘటనతో మొదలుపెట్టండి, తేదీ దాని వెనకే రావాలి.