టెక్సాస్‌లో సస్పెండైన లైసెన్స్‌ను ఎస్‌ఆర్-22తో తిరిగి తెచ్చుకోవడం ఎలా?

టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ లేకుండా కారు నడిపిన కేసు రెండోసారి కూడా కోర్టులో ఖాయమైతే డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. అప్పుడు కొత్త పాలసీ తీసుకుని, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో తీసి డీపీఎస్‌కి (టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సుల వ్యవహారం చూసే ప్రభుత్వ శాఖ) పంపితే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అవదు. మీకు చట్టం అడిగినంత ఇన్సూరెన్స్ ఉందని, అది ఆగిపోతే వెంటనే తెలియజేస్తామని ఇన్సూరెన్స్ కంపెనీయే రాష్ట్రానికి రాసివ్వాలి. ఆ ఫారం పేరు ఎస్‌ఆర్-22. మీ కార్డు, మీ రసీదు, మీ మాట దాని స్థానంలో పనికిరావు.

ఇర్వింగ్, ఫ్రిస్కో, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. కొత్తగా వచ్చిన విద్యార్థులు పాత కారు కొని, రిజిస్ట్రేషన్ కోసం పాలసీ తీసుకుని, నెలవారీ ప్రీమియం బరువైపోయి మధ్యలో ఆపేస్తుంటారు. టెక్సాస్‌లో టెక్సాస్‌ష్యూర్ అనే వ్యవస్థ ఉంది. ఏ కారుకి ఇన్సూరెన్స్ ఉందో లేదో పోలీసులు రోడ్డు మీద నిలబడే చూసుకోగలరు. దొరకరన్న ధీమా పెట్టుకోవద్దు.

టికెట్ దశలోనే ఉంటే

ఇంకా సస్పెన్షన్ దాకా రాలేదు, చేతిలో టికెట్ (పోలీసు రాసిచ్చిన చలానా) మాత్రమే ఉంది అనుకుందాం. దాన్ని వెంటనే ఆన్‌లైన్‌లో కట్టేయకండి. ఫైన్ కట్టడమంటే కేసు ఒప్పుకున్నట్టే, అది మీ రికార్డులో శిక్షగా ఎక్కుతుంది. మొదటిసారి ఫైన్ 175 నుంచి 350 డాలర్లు, రెండోసారి నుంచి 350 నుంచి 1,000 డాలర్ల దాకా ఉంటుంది. పోలీసు ఆపిన రోజున మీకు నిజంగానే ఇన్సూరెన్స్ ఉండి, కార్డు చూపించలేకపోయారంతే అయితే, ఆ రోజుకి పాలసీ అమల్లో ఉందన్న రుజువు కోర్టుకి ఇవ్వండి. కేసు కొట్టేస్తారు. టికెట్ వచ్చాక కొన్న పాలసీ మాత్రం దీనికి పనికిరాదు.

ఏమేం బాకీ ఉన్నాయో ముందు చూసుకోండి

ఏజెంట్‌కి ఫోన్ చేసే ముందు టెక్సాస్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డ్రైవర్ లైసెన్స్ ఎలిజిబిలిటీ పేజీ తెరవండి. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు ఇస్తే మీ లైసెన్స్ పరిస్థితి, అది తిరిగి రావాలంటే ఏమివ్వాలో, ఎంత కట్టాలో కనిపిస్తుంది. ఈ పని ముందు చేయమని ఎందుకంటున్నానంటే, ఒకే మనిషి మీద రెండు మూడు సస్పెన్షన్లు ఉండొచ్చు. ఒకదానికి ఎస్‌ఆర్-22 చాలు. ఇన్సూరెన్స్ లేకుండా చేసిన యాక్సిడెంట్ వల్ల వచ్చిన దానికి ఎదుటివాళ్ల నష్టం తీరినట్టు కాగితాలు కూడా కావాలి. తాగి నడిపిన కేసైతే దాని ఫీజులు, క్లాసులు వేరు. అన్నీ తీరేదాకా లైసెన్స్ రాదు.

డీపీఎస్ నోటీసు మీ లైసెన్స్ మీదున్న అడ్రసుకి వెళ్తుంది. ఏడాదికో అపార్ట్‌మెంట్ మారే మనవాళ్లకి ఆ ఉత్తరం అందదు, సస్పెండైన సంగతే తెలియకుండా కారు నడుపుతూ ఉంటారు. ఇల్లు మారిన 30 రోజుల్లోపు డీపీఎస్‌లో అడ్రస్ మార్చుకోవాలన్నది టెక్సాస్ నియమం. ఇప్పటికీ మార్చకపోతే ఆ పని కూడా ఇప్పుడే చేసేయండి.

పాలసీ తీసుకోవడం

టెక్సాస్‌లో అనుమతి ఉన్న కంపెనీ నుంచే తీసుకోవాలి. కనీస కవరేజీని 30/60/25 అంటారు. ఒక మనిషికి దెబ్బలు తగిలితే 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లందరికీ కలిపి 60,000, ఎదుటివాళ్ల ఆస్తికి 25,000. ఎస్‌ఆర్-22కి ఇది సరిపోతుంది. కానీ ఈ రోజుల్లో ఒక కొత్త ఎస్‌యూవీని గుద్దితే 25,000 ఏ మూలకీ చాలదు. కాస్త డబ్బు వెసులుబాటు ఉంటే ఎక్కువ కవరేజీ తీసుకోమనే నా సలహా.

కారు లేనివాళ్లు కూడా ఎస్‌ఆర్-22 ఇవ్వొచ్చు. నాన్ ఓనర్ పాలసీ అని అడగండి. అది మనిషికి వర్తిస్తుంది, ఎప్పుడైనా ఇంకొకరి కారు నడిపితే పనికొస్తుంది. సాధారణంగా ధర కూడా తక్కువే. రూమ్మేట్ కారు రోజూ నడుపుతానంటే మాత్రం ఏజెంట్‌కి ఆ మాట ముందే చెప్పండి. ఆ కారు పాలసీలో మీ పేరు చేర్చాల్సి రావచ్చు.

అన్ని కంపెనీలూ ఎస్‌ఆర్-22 ఇవ్వవు. మీ కంపెనీ కుదరదంటే కంగారుపడకుండా ఇంకో రెండు మూడు చోట్ల ధర అడగండి. ఫారం పంపడానికి కంపెనీలు తీసుకునే ఫీజు సాధారణంగా 15 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. అసలు దెబ్బ పెరిగిన ప్రీమియంలో ఉంటుంది, కాబట్టి ఫీజు కాదు, మొత్తం ఎంతవుతుందో పోల్చుకోండి. ఇన్సూరెన్స్ బదులు 55,000 డాలర్లు డిపాజిట్ చేసే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది కానీ మామూలు మనిషికి అది అయ్యే పని కాదు.

పేరు దగ్గర జాగ్రత్త

మన పేర్ల సంగతి తెలిసిందే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు మూడు ముక్కలు. లైసెన్స్ మీద "వెంకట సాయి కృష్ణ" అని మొత్తం ఉంటుంది, ఇన్సూరెన్స్ యాప్‌లో మాత్రం "సాయి" అని కొట్టి వదిలేస్తాం. మామూలు రోజుల్లో నడిచిపోతుంది. ఎస్‌ఆర్-22 మీద పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు డీపీఎస్ రికార్డుతో కలవకపోతే, కంపెనీ పంపిన ఫారం మీ ఖాతాలో ఎక్కకుండా ఉండిపోవచ్చు. ఫారం వెళ్లే ముందే లైసెన్స్ ఎదురుగా పెట్టుకుని ఏజెంట్ చేత పేరు అక్షరం అక్షరం చదివించుకోండి. పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారు కాలేదు కదా అని చూడండి, మన లెక్కలో రోజు ముందు, వాళ్ల లెక్కలో నెల ముందు. ఫారం కాపీ ఒకటి తప్పకుండా అడిగి దగ్గర పెట్టుకోండి.

ఫీజు కట్టి, ఆగడం

ఇన్సూరెన్స్ లేని కేసులో సస్పెండైన లైసెన్స్‌ను తిరిగి ఇవ్వడానికి డీపీఎస్ ఫీజు 100 డాలర్లు. ఎలిజిబిలిటీ పేజీలోనే కార్డుతో కట్టొచ్చు. కాగితాలు మీరే పంపాల్సి వస్తే ప్రతి పేజీ మీదా పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు రాయండి. కాగితాలు పరిశీలించడానికి డీపీఎస్ 21 పనిదినాల దాకా తీసుకుంటుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎస్‌ఆర్-22 వెళ్లింది, ఫీజు కట్టాను కదా అని తాళాలు తీసుకుని బయల్దేరతారు. ఎలిజిబిలిటీ పేజీలో ఎలిజిబుల్ అని కనిపించేదాకా దయచేసి స్టీరింగ్ ముట్టుకోవద్దు. సస్పెండైన లైసెన్స్‌తో నడపడం టెక్సాస్‌లో నేరం. మామూలుగా 500 డాలర్ల దాకా ఫైన్‌తో పోతుంది కానీ, ఆ సమయంలో ఇన్సూరెన్స్ లేకపోయినా, ఇలాంటి కేసు ఇంతకు ముందు ఉన్నా జైలు శిక్ష పడే అవకాశం ఉన్న క్లాస్ బీ నేరం అవుతుంది. ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం) వీసాల మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా బరువైన విషయం. వీసా స్టాంపింగ్ కోసం నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. కేసు అంతదాకా వస్తే లాయర్‌తో మాట్లాడకుండా ఏదీ ఒప్పుకోవద్దు.

ఇండియా లైసెన్స్ ఉంది కదా, దాంతో నడుపుకోవచ్చని స్నేహితులు చెబుతారు. వినకండి. సస్పెండైంది ప్లాస్టిక్ కార్డు మాత్రమే కాదు, టెక్సాస్‌లో నడిపే మీ హక్కు. పక్క రాష్ట్రానికి వెళ్లి కొత్త లైసెన్స్ తీసుకుందామన్నా, సస్పెండైనవాళ్ల వివరాలు జాతీయ రిజిస్టర్‌లో రాష్ట్రాలన్నిటికీ కనిపిస్తాయి.

ఆఫీసుకి, కాలేజీకి వెళ్లక తప్పదు, బస్సు లేదు అన్నవాళ్లకి చట్టబద్ధమైన దారి ఒకటుంది. ఆక్యుపేషనల్ లైసెన్స్ కోసం కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. ఉద్యోగం, చదువు, ఇంటి అవసరాల కోసం, జడ్జి చెప్పిన వేళల్లో నడపనిస్తారు. దానికీ ఎస్‌ఆర్-22 కావాలి. జడ్జి సంతకం పెట్టిన రోజు నుంచి 45 రోజుల వరకు ఆ ఉత్తర్వు కాపీయే లైసెన్స్‌గా చెల్లుతుంది, ఈలోగా డీపీఎస్‌కి కాగితాలు పంపాలి.

రెండేళ్లు తెగకుండా

ఎస్‌ఆర్-22ను 2 సంవత్సరాలు అమల్లో ఉంచాలి. లెక్క మొదలయ్యేది చివరి శిక్ష పడిన తేదీ నుంచి, ఫారం పంపిన తేదీ నుంచి కాదు. మధ్యలో పాలసీ ఆగితే కంపెనీ డీపీఎస్‌కి తెలియజేస్తుంది, లైసెన్స్ మళ్లీ సస్పెండవుతుంది.

పాలసీ ఆగేది చాలాసార్లు కావాలని మానేయడం వల్ల కాదు. ఆటోపేకి పెట్టిన డెబిట్ కార్డు గడువు తీరుతుంది, బ్యాంకు కొత్త కార్డు పంపుతుంది, ఇన్సూరెన్స్ యాప్‌లో మార్చడం మర్చిపోతాం. లేదా నెలన్నర సెలవు మీద విజయవాడో వరంగల్లో వెళ్తూ, కారు ఎలాగూ కదలదు కదా అని పాలసీ ఆపేస్తారు. ఎస్‌ఆర్-22 ఉన్నంతకాలం ఆ పని చేయొద్దు. వీలైతే ఆరు నెలల ప్రీమియం ఒకేసారి కట్టేయండి. కంపెనీ మారాలనుకుంటే కొత్త కంపెనీ ఎస్‌ఆర్-22 పంపి, అది డీపీఎస్ రికార్డులో ఎక్కాకే పాతది మానేయండి.

ఈలోగా ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లినా టెక్సాస్ బాధ్యత తీరదు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా లాంటి చోట్ల ఎస్‌ఆర్-22 పద్ధతే లేదు, అయినా టెక్సాస్‌కి ఇవ్వాల్సింది ఇస్తూనే ఉండాలి. కాబట్టి మారే ముందే, టెక్సాస్‌కి కొనసాగించగలరా అని కంపెనీని అడగండి. ఫ్లోరిడా, వర్జీనియాల్లో తాగి నడిపిన కేసులకు ఎఫ్‌ఆర్-44 అని ఇంకా ఎక్కువ కవరేజీ అడిగే ఫారం ఉంది.

రెండేళ్లు పూర్తయ్యాక ఎస్‌ఆర్-22 తనంతట తాను పోతుందని అనుకోవద్దు. ఎలిజిబిలిటీ పేజీలో తేదీ సరిచూసుకుని, ఏజెంట్‌కి ఫోన్ చేసి పాలసీ నుంచి ఎస్‌ఆర్-22 మాత్రమే తీసేయమని చెప్పండి. పాలసీ అలాగే నడవాలి. ఆ రోజే మిగతా కంపెనీల ధరలు కూడా అడగండి.