బ్లాగు రచనను మెరుగుపరుచుకుని, రాసినదాన్ని కాపాడుకోవడం ఎలా?

ఎంతో శ్రమపడి రాసిన టపా నాలుగు రోజులు తిరగకముందే పేరు లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో కనిపించడం, లేదా ముక్కూ మొహం తెలియని యూట్యూబ్ ఛానల్‌లో అక్షరం పొల్లుపోకుండా వినిపించడం తెలుగులో బ్లాగు రాసేవారిలో చాలామందికి అనుభవమే. దీనికి విరుగుడు రాయడం దగ్గరే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. మన కాపీరైటు చట్టం, 1957 భావానికి రక్షణ ఇవ్వదు, ఆ భావాన్ని మీరు చెప్పిన తీరుకే ఇస్తుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఎవరైనా రాయగలిగిన వాక్యాలతో నిండిన టపాను ఎత్తుకుపోయినా అది మీదేనని నిరూపించడం కష్టం. మీరు మాత్రమే రాయగలిగిన వాక్యాలు ఉన్న టపా మీ తరఫున తానే సాక్ష్యం చెబుతుంది.

మీ సొంత వాక్యం ఎలా రాయాలి?

ముందుగా విషయాన్ని కుదించుకోండి. ఆవకాయ గురించి రాయాలనుకుంటే ఆవకాయ మొత్తాన్నీ తలకెత్తుకోకుండా, ముక్క కొట్టడం గురించో, మూడో రోజు తిరగ కలపడం గురించో రాయండి. “ఆవకాయ అంటే ఇష్టపడని తెలుగువారు ఉండరు” అని మొదలుపెట్టిన టపాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ వాక్యం చదివినవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. దాన్ని కొట్టివేసి, “ముక్క కొట్టేటప్పుడు ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉందో లేదో చూడాలి, టెంక ఊడిన ముక్క జాడీలో త్వరగా మెత్తబడుతుంది” అని మొదలుపెట్టండి. చదివేవారికి మొదటి వాక్యంలోనే ఒక పనికొచ్చే సంగతి అందుతుంది, ఈ రాసినవారు కత్తిపీట దగ్గర కూర్చున్నవారేనన్న నమ్మకమూ కుదురుతుంది. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కొలతల పట్టిక ఒక్కటే మీ సొత్తు కాదు, ఆ పాళ్ళు ఇంటింటా ఉన్నవే. మూడో రోజు జాడీ మూత తీసినప్పుడు నూనె పైకి తేలకపోతే ఏం చేయాలో మీరు వివరించిన మాటలు మాత్రం మీవే.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు పైకి చదవండి. ఊపిరి ఆడని చోట వాక్యాన్ని విడగొట్టండి. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి దించిన వాక్యం చెవికి వెంటనే పట్టుబడుతుంది. “చేయబడింది”, “ఇవ్వబడింది” అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా ఆ పని ఎవరు చేశారో వెతికి, వారినే కర్తగా పెట్టి తిరగరాయండి.

టపాను తప్పనిసరిగా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తించి వెతకగలిగే పద్ధతిలోనే, ప్రచురించండి. డీటీపీలో వాడే అను వంటి పాత ఖతులలో కంపోజు చేసినదాన్ని బొమ్మగా పెడితే గూగుల్‌కు అది కనిపించదు, దొంగిలించినవారిని వెతికి పట్టుకోవడానికి మీకూ దారి ఉండదు.

ఇతరుల రచనలను వాడుకునేటప్పుడు మీరూ కాపీరైటు నియమాన్ని పాటించాలి. చాలామంది గుర్తించని సంగతి ఏమిటంటే, అనువాద హక్కు కూడా మూల రచయితదే. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి కింద “సేకరణ” అని రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. తెలుగు వికీపీడియా వ్యాసాలను, ముందే అనుమతి ఇచ్చే లైసెన్సు అయిన క్రియేటివ్ కామన్స్ షరతులకు లోబడి, మూలాన్ని పేర్కొంటూ, అదే లైసెన్సు కింద వాడుకోవచ్చు.

ప్రచురించిన రోజే చేయవలసినవి

కాపీరైటు రచన పుట్టినప్పుడే పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ ఉంటుంది. మీరు సమకూర్చుకోవలసింది రుజువు. బ్లాగులో కనిపించే తేదీని రాసినవారు మార్చుకోగలరు కనుక అది బలమైన సాక్ష్యం కాదు. అందుకని టపా ప్రచురించగానే దాని లంకెను, వెబ్ పేజీల నకళ్ళను తేదీతో సహా దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. అక్కడ నమోదయ్యే తేదీ మీ చేతిలో ఉండదు కాబట్టే దానికి విలువ. చిత్తుప్రతులనూ, ఫోటోల అసలు ఫైళ్ళనూ పారేయకండి. బ్లాగర్‌లో సెట్టింగ్స్ నుంచి, వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఉన్న ఎక్స్‌పోర్ట్ నుంచి మొత్తం బ్లాగును అప్పుడప్పుడు దించుకుని, కంప్యూటర్‌లో కాక మరొక చోట కూడా దాచుకోండి. కొత్త టపాలను ఇతర సైట్లకూ యాప్‌లకూ అందించే ఫీడ్‌ను సంక్షిప్తంగా మాత్రమే ఇస్తే, ఫీడ్ నుంచి టపాలను యాంత్రికంగా గుంజుకునే సైట్లకు మొదటి పేరా మాత్రమే దొరుకుతుంది.

మౌస్ కుడి మీటను పనిచేయకుండా చేసే చిట్కాను మాత్రం నేను సిఫారసు చేయను. ఎత్తుకుపోయేవారిని అది ఆపలేదు, ఒక మాటకు అర్థం వెతుక్కోవాలనుకున్న పాఠకుణ్ణి మాత్రం ఇబ్బంది పెడుతుంది.

కాపీ కనిపించినప్పుడు

టపాలోని ఒక విలక్షణమైన వాక్యాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. పైన చెప్పిన టెంక వాక్యం లాంటిది ఇక్కడ మళ్ళీ అక్కరకొస్తుంది. దొరికిన పేజీకి ముందు స్క్రీన్‌షాట్ తీసి, వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచి, ఆ తరువాతే సంబంధిత వ్యక్తికి మర్యాదగా రాయండి. ముందుగా రాస్తే ఆధారం మాయమయ్యే ప్రమాదం ఉంది. పేరూ లంకే పెడితే చాలనుకుంటున్నారో, పూర్తిగా తొలగించమంటున్నారో ఆ ఉత్తరంలోనే తేల్చి చెప్పండి.

జవాబు రాకపోతే ఆ రచనకు చోటిచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయాలి. బ్లాగర్, యూట్యూబ్, ఫేస్‌బుక్, వర్డ్‌ప్రెస్.కామ్ అమెరికా సంస్థలు. అక్కడి 1998 నాటి డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం ప్రకారం ఫిర్యాదులు తీసుకునే ఫారాలు వాటిలో ఉన్నాయి. మీ మూల టపా లంకె, కాపీ ఉన్న లంకె, మీ వివరాలు, ఆ వాడకానికి అనుమతి లేదని చిత్తశుద్ధితో నమ్ముతున్నానన్న ప్రకటన, సంతకం అందులో ఉండాలి. బ్లాగు ముఖపుట లంకె ఇస్తే సరిపోదు, ప్రతి టపాకూ విడివిడిగా లంకె ఇవ్వాలి. తొలగింపు తప్పంటూ అవతలివారు ప్రతినోటీసు ఇస్తే, మీరు కోర్టుకు వెళ్ళని పక్షంలో 10 నుంచి 14 పనిదినాలలో ఆ రచన తిరిగి పైకి రావచ్చు. అబద్ధపు ఫిర్యాదుకు చట్టపరమైన బాధ్యత ఉంటుంది. మీ టపాలోని సమాచారాన్ని తీసుకుని తన సొంత మాటల్లో రాసుకున్నవారి మీద ఈ ఆయుధం ప్రయోగించకూడదు. యూట్యూబ్‌లో చదివి వినిపించిన సందర్భంలో, వీడియోను తామే తీసివేసుకునేందుకు ఏడు రోజుల గడువు ఇచ్చే వెసులుబాటు కూడా ఆ ఫారంలో ఉంది. తెలియక చేసినవారికి ఆ గడువు ఇవ్వడమే న్యాయం.

టపాలను పుస్తకంగా తేవాలన్న ఆలోచన ఉన్నవారు ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయంలో ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకోవడం మంచిది. దరఖాస్తుకు డైరీ సంఖ్య (దాన్ని గుర్తించే నంబరు) ఇచ్చి, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తరువాతే పరిశీలన మొదలుపెడతారు. రిజిస్టరులో చేరిన వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా స్వీకరిస్తుంది. అవి తప్పని నిరూపించవలసిన భారం అవతలివారిపై పడుతుంది.