రివర్స్ లైట్లు పెట్టించినా వెనక చీకటేనా? పికప్ బండ్లలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రొయ్యల చెరువు గట్టు మీద బండి తిప్పుకోవడానికి చోటుండదు. ముందుకు వెళ్లామా, వెనక్కి రావాల్సిందే. రొయ్యలు పట్టేది ఎక్కువగా రాత్రి వేళ, తెల్లవారుజామున. బాడీలో ట్రేలు పేర్చాక క్యాబిన్ వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు, రెండు పక్క అద్దాలే దిక్కు. గట్టు బండికి అటు మూరెడు, ఇటు మూరెడు ఉంటే గొప్ప. కంపెనీ ఇచ్చే రివర్స్ బల్బు సాధారణంగా 21 వాట్లది. బండి వెనక్కి వస్తోందని వెనకున్నవాళ్లకు చెప్పడం దాని పని. డ్రైవరుకు దారి చూపించడానికి అది చాలదు. అందుకే భీమవరం చుట్టుపక్కల మేత బస్తాలు, ఐసు, రొయ్యలు మోసే మాబోటివాళ్లు అదనపు లైట్లు వేయించుకుంటారు.

నా బండికి ఇప్పటికి మూడుసార్లు లైట్లు మార్చాను. మొదటి రెండుసార్లు మార్చాల్సింది లైట్లు కాదని తర్వాత తెలిసింది. ఆ అనుభవంతో రాస్తున్నది ఇది.

పరీక్షలకు ఒక మల్టీమీటరు, రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల బల్బు చాలు. ఇంజిను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, రివర్స్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే బండి వెనక్కి వెళ్లండి.

కంపెనీ లైటూ వెలగదు, అదనపు లైటూ వెలగదు

రెండూ ఒకేసారి పోయాయంటే తప్పు వాటికి ముందే ఉంది. మొదట ఫ్యూజు చూడండి. అది బాగుంటే గేరు బాక్సుకు బిగించి ఉండే రివర్స్ స్విచ్చి దగ్గరికి వెళ్లండి. దాని రెండు వైర్ల సాకెట్ ఊడదీసి, సాకెట్‌లోని రెండు కొసలనూ చిన్న వైరుతో కలపండి. కంపెనీ లైటు వెలిగితే స్విచ్చి పోయినట్టే. వెలగకపోతే వైరు ఎక్కడో తెగింది.

కొత్త స్విచ్చి వేసే ముందు పాతది ఎందుకు పోయిందో అడగాలి. నాది పోవడానికి కారణం నేనే. 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండు కొని, నేరుగా కంపెనీ రివర్స్ వైరుకే కలిపాను. వాటికే 9 ఆంపియర్లు కావాలి. రెండు రోజులకే 10 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. నేను తెలివిగా 20 వేశాను. ఫ్యూజు నిలిచింది, మూడు నెలలకు స్విచ్చి కాలింది. లోపలి కాంటాక్టులు బొగ్గులా ఉన్నాయి. స్విచ్చితో పాటే రివర్స్ హారనూ మూగబోయింది. పోతున్న ఫ్యూజు స్థానంలో పెద్దది వేయడమంటే కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేయడమే.

దీనికి విరుగుడు రిలే, అంటే చిన్న కరెంటు సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి. కంపెనీ రివర్స్ వైరు రిలేకు సంకేతం మాత్రమే ఇవ్వాలి, లైట్లకు కరెంటు బ్యాటరీ నుంచి రావాలి. రిలే కాళ్ల మీద అంకెలు ఉంటాయి. 86కు రివర్స్ వైరు, 85కు ఎర్త్ (బండి ఇనుముకు కలిపే మైనస్ వైరు), 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87 నుంచి లైట్లకు. సంకేతానికి సుమారుగా ఆంపియరులో ఐదో వంతు చాలు కాబట్టి స్విచ్చికి భారం ఉండదు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. బండి వెనక పెట్టిన ఫ్యూజు, మధ్యలో వైరు రాపిడై ఛాసిస్‌కు తగిలితే ఏమీ కాపాడదు.

కంపెనీ లైటు వెలుగుతుంది, అదనపు లైటు వెలగదు

ఒకరు గేరు వేస్తుంటే మరొకరు రిలే మీద వేలు పెట్టి చూడండి. టిక్కుమంటే సంకేతం వస్తోంది, తప్పు 30, 87 కాళ్ల వైపో లైటు వైపో ఉంది. టిక్కుమనకపోతే 85 ఎర్త్ ఊడి ఉండవచ్చు, 86కు వైరు అంది ఉండకపోవచ్చు. ఎల్‌ఈడీ అయితే ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో కూడా చూడండి. బల్బుకు ఎటు కలిపినా ఒకటే, ఎల్‌ఈడీకి కాదు.

వెలుగుతుంది, కానీ మసకగా, లేదా మిణుకుమిణుకుమంటూ

ఎక్కువమంది డబ్బు వృథా చేసేది ఇక్కడే. మసకగా ఉందని ఇంకా పెద్ద లైటు కొంటారు. పెద్ద లైటు ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్న వైరులో ఇంకా ఎక్కువ వోల్టేజి పోతుంది, వెలుగు మళ్లీ అంతే.

లైటును ఊడదీసి నేరుగా బ్యాటరీకి కలిపి చూడండి. అక్కడ కూడా మసకగా ఉంటే లైటుదే లోపం. దుకాణంలో పొరపాటున లారీలకు వాడే 24 వోల్టుల బల్బు అంటగట్టారేమో చూడండి, మన 12 వోల్టుల బండిలో అది దీపంలా వెలుగుతుంది. బ్యాటరీ దగ్గర ధగధగలాడి, బండి వెనక మాత్రం మసకగా ఉంటే లైటు జోలికి వెళ్లకండి. వైరు, ఎర్త్ చూడండి.

లెక్క చిన్నదే. బ్యాటరీ నుంచి వెనక్కి సుమారు 6 మీటర్ల వైరు. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరులో రెండు 55 వాట్ల హాలోజన్లకు దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. హాలోజన్‌కు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా తగ్గుతుంది. అంటే కొన్న వెలుగులో సగం దాకా వైరు వేడెక్కడానికే పోయినట్టు. అదే దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెడితే పోయేది వోల్టులో ఐదో వంతే.

వైరు సరిగ్గా ఉన్నా ఎర్త్ చెడితే అంతా వృథా. మా వైపు చెరువుల నీటిలో ఉప్పు ఉంటుంది, ట్రేల నుంచి కారే ఐసు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి. అవి బాడీ చెక్కల సందుల్లోంచి దిగి నేరుగా ఎర్త్ బోల్టు మీద పడతాయి. నా బండిలో ఆ బోల్టు పైకి శుభ్రంగానే కనబడింది. విప్పితే వైరు కొసనుండే రింగు లగ్గు కింద పచ్చని పొడి, దాని కింద తుప్పు, తుప్పు కింద కంపెనీ వేసిన నల్ల రంగు. కరెంటు అసలు ఇనుమును తాకిందే లేదు, మర చుట్ల గుండా ఎలాగో దారి వెతుక్కుంటోంది.

ఎర్త్ బాగుందో లేదో కంటితో తేల్చకండి. లైటు వెలుగుతుండగా మీటరు ఒక కొసను లైటు మైనస్ వైరుకు, రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ చెడినట్టు. ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన దట్టంగా వ్యాజిలిన్ పూయండి. ఉప్పు నీటిలో తిరిగే బండి అయితే ఇంకో మాట: లైట్ల మైనస్ వైరును కూడా ప్లస్ వైరు పక్కనే బ్యాటరీ దాకా లాగేయండి. 6 మీటర్ల వైరు ఖర్చుతో ఏటా ఎర్త్ వెతుక్కునే పని తప్పుతుంది. నేను ఆ పని చేశాక మీటరు మళ్లీ బయటికి తీయలేదు.

మిణుకుమిణుకుమనడానికీ కారణం తరచుగా ఇదే. ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ వోల్టేజి మరీ పడిపోగానే ఆగిపోతుంది. లోడు పోగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ వెలుగుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు.

గుంతలో పడితే ఫ్యూజు పోతుంది

చదునైన రోడ్డు మీద పోని ఫ్యూజు గుంతలోనే పోతుందంటే వైరు ఎక్కడో ఇనుముకు రాసుకుంటోంది. కమాన్ల (స్ప్రింగు పట్టీల) దగ్గర, బాడీ అడ్డ దూలాల అంచుల దగ్గర, వెనక డోరు కీలు దగ్గర వెతకండి. వైరు మొత్తాన్ని ముడతల గొట్టంలో వేసి, జానెడుకొక కట్టు వేయండి. సైలెన్సరుకు, కదిలే భాగాలకు దూరంగా తీసుకెళ్లండి. రేకు కంతలోంచి వైరు దూర్చిన ప్రతిచోటా రబ్బరు బుష్ తప్పనిసరి.

వెలుగు బోలెడు, గట్టు అంచు మాత్రం కనబడదు

ఇది వైరింగ్ లోపం కాదు, ఎంపికలోనూ బిగింపులోనూ వచ్చిన లోపం. లైటు కొనేటప్పుడు చీకట్లో దూరంగా ఉన్న గోడ మీద వేసి చూపిస్తారు. గోడ మీద గుండ్రటి తెల్లటి మచ్చ చూసి మనం మురిసిపోతాం. రివర్స్‌లో మనకు కావాల్సింది 5 మీటర్లలోపు నేల, అదీ వెడల్పుగా. కాబట్టి ఒకచోటే గుచ్చే స్పాట్ లైటు వద్దు, 60 డిగ్రీలో అంతకంటే ఎక్కువో పరుచుకునే ఫ్లడ్ లైటు తీసుకోండి. ఒక్కోటి 18 వాట్లవి రెండు చాలు. అంత లైటుకు డబ్బా మీద పదివేల ల్యూమెన్లు (వెలుగు కొలత) అని ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. ఈ తరహా ఎల్‌ఈడీలు వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తే మంచివే. మీటరు పెట్టి ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూస్తే అసలు వాట్లు బయటపడతాయి.

రంగు విషయంలో నా అభిప్రాయం వేరు. అందరూ 6000 కెల్విన్ నీలి తెలుపు అడుగుతారు. తడి బంకమట్టి గట్టు మీద, తెల్లవారుజాము మంచులో ఆ వెలుగు కళ్లలోకే తిరిగి కొడుతుంది. 4000 దగ్గర ఉన్న కాస్త వెచ్చని తెలుపులో మట్టి, గడ్డి, నీళ్లు నాకు విడివిడిగా కనబడతాయి.

ఇక బిగింపు. చాలామంది రెండు లైట్లూ నంబరు ప్లేటుకు అటూ ఇటూ పెట్టిస్తారు. వెలుగు బండి మధ్యలో నేరుగా వెనక్కి పడుతుంది, మనం చూసేది పక్క అద్దాల్లో. అద్దంలో కనబడేది చక్రం వరుస, దాని పక్కనున్న గట్టు అంచు. కాబట్టి లైట్లు రెండు మూలలకు జరగాలి, ఒక్కోటి బయటివైపుకు 15 డిగ్రీల దాకా తిరిగి, కాస్త కిందికి వంగి ఉండాలి.

ఎత్తు కూడా ఆలోచించాలి. బంపరు కింద పెడితే మొదటి వానకే బురద కప్పేస్తుంది. బాడీ వెనక అంచుకు పెడితే, సరుకు ఎక్కించేటప్పుడు దించిన వెనక డోరు వచ్చి లైటు మీద వేలాడుతుంది. నా రెండో జత అలాగే పగిలింది. డోరు పూర్తిగా దించి, అది ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీత గీసుకుని, ఆ గీతకు బయట చోటు చూసుకోండి. ఛాసిస్‌కు కొత్త కంతలు వేయకండి, అది బండి వెన్నెముక. ఉన్న కంతలకే మందపాటి పట్టీతో బ్రాకెట్ కట్టించండి. ఒకే బోల్టు మీద నిలబడే లైటు నెల తిరిగేసరికి తల వాల్చేస్తుంది. నైలాన్ నట్టు వేసి, వీలైతే వెనక నుంచి రెండో ఆధారం ఇప్పించండి.

దిశ కుదర్చడానికి ఒక సాయంత్రం చాలు. చీకటి పడ్డాక చదునైన చోట బండి ఆపి, రెండు వెనక చక్రాల వరుసలోనూ 1, 3, 5 మీటర్ల దూరంలో ఇటుకలు పెట్టండి. డ్రైవరు సీట్లో కూర్చుని అద్దాల్లో చూస్తూ, ఆరు ఇటుకలూ కనబడేదాకా ఇంకొకరి చేత లైట్లు తిప్పించండి. కింద నిలబడి చూసి బాగుందనడం లెక్కలోకి రాదు. ఈ పని సరుకు ఉన్న బండితో చేస్తే ఇంకా మంచిది. ఖాళీ బండిలో కుదిర్చిన లైటు లోడు ఎక్కి వెనక భాగం దిగగానే కోణం మారిపోతుంది.

రివర్స్ కెమెరాలో అంతా తెల్లటి పొగలా కనబడుతుంది

లైటు కెమెరా చూపులోకి వచ్చింది, లేదా పక్కనుంచి దాని అద్దం మీద పడుతోంది. లైటును కెమెరా కంటే కాస్త లోపలికి, అంటే క్యాబిన్ వైపుకు జరపండి, లేదా మధ్యలో వేలెడు రేకు అడ్డం పెట్టండి. కెమెరా అద్దం మీద ఉప్పు మరకలున్నా ఇలాగే ఉంటుంది, ముందు తుడిచి చూడండి.

లైటు లోపల నీళ్లు, ఆవిరి

ఐపీ67 అని రాసి ఉన్నా నీళ్లు దూరాయని గొడవపడతాం. ఆ అంకెకు అర్థం మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పాడుకాదని. వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే జెట్టుకు అది హామీ కాదు, ఆ పరీక్షకు ఐపీ69కే అని వేరే ఉంది. ఇంకో సంగతి: వేడిగా ఉన్న లైటు మీద చల్లటి నీళ్లు పడితే లోపలి గాలి ముడుచుకుని, సందు దొరికినచోట నీటిని లోపలికి పీలుస్తుంది. లైటు ఆర్పి కాస్త చల్లారాక కడగండి. వైరు లైటులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు చుక్కలు వంపు దగ్గరే రాలిపోతాయి.

బ్రేకు తొక్కితే రివర్స్ లైటు మినుక్కుమంటుంది

వెనక లైట్ల ఉమ్మడి ఎర్త్ పోయింది. బ్రేకు కరెంటుకు తిరిగి వెళ్లే దారి లేక పక్క బల్బుల గుండా వెళుతోంది. పై పద్ధతిలోనే ఎర్త్ బాగుచేయండి.

తెల్లవారేసరికి బ్యాటరీ డౌన్

సరుకు దించేటప్పుడు పనికొస్తుందని చాలామంది రివర్స్ లైట్లకు విడిగా ఒక స్విచ్చి పెట్టించుకుంటారు, తర్వాత ఆర్పడం మరిచిపోతారు. 36 వాట్ల లైట్లు 12 గంటలు వెలిగితే బ్యాటరీలోంచి సుమారు 36 ఆంపియర్ అవర్లు పోతాయి. కాస్త పాత బ్యాటరీ అయితే ఉదయం స్టార్ట్ కాదు. అంతకంటే ప్రమాదం, ఆ లైట్లతోనే రోడ్డెక్కడం. వెనక వచ్చే మోటారు సైకిలు మనిషికి కళ్లు కనబడవు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 108వ నియమం నడిచే బండి వెనక్కి ఎరుపు తప్ప మరో రంగు లైటు చూపకూడదనే అంటుంది, ఉన్న మినహాయింపుల్లో మన మతిమరుపు లేదు. లైట్లను రివర్స్ గేరుకే పరిమితం చేయండి. దించుకోవడానికి వెలుతురు కావాలంటే బాడీ లోపలికి చూసే చిన్న లైటు వేరుగా, వేరే స్విచ్చితో పెట్టించుకోండి. ఆ స్విచ్చిలో ఎర్ర బల్బు ఉన్నది కొనండి, డాష్‌బోర్డు మీద సరిగ్గా కళ్లెదుట బిగించమనండి. నేను గేరు రాడ్డు వెనక పెట్టించాను, అక్కడ వెలిగినా కనబడదు.